పంటలో వాటా

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రాన, బర్క్‌షైర్ కొండల మధ్య సౌత్ ఎగ్రిమాంట్ అనే చిన్న ఊరున్నది. చలికాలంలో అక్కడి పొలాలను మంచు కప్పేస్తుంది. వసంతంలో విత్తనాలు కొనాలి. కాని పంట అమ్మితేగాని రైతు చేతికి డబ్బు రాదు.

1986లో ఆ ఊరి ఇండియన్ లైన్ తోటలో రాబిన్ వాన్ ఎన్ అనే మహిళ మరికొందరితో కలిసి ఒక ఏర్పాటు చేశారు. చుట్టుపక్కల కుటుంబాలు విత్తనం వేయక ముందే వాటా డబ్బు కట్టాయి. పంట వచ్చాక వారం వారం కూరగాయలు పంచుకున్నాయి.

నేడు అమెరికాలో ఇటువంటి తోటలు వేలకొద్దీ ఉన్నాయి. బుట్టలో ఏముండాలో తోటే నిర్ణయిస్తుంది. ముల్లంగి వస్తే, అది నచ్చని పిల్లలకూ ముల్లంగే! బాగా పండితే అందరి బుట్టలూ నిండుతాయి. వడగళ్ళు పడితే అందరి బుట్టలూ తరుగుతాయి. నష్టం రైతు ఒక్కడి నెత్తిన పడదు.