చిటపట ఆగేదాకా

పొద్దున్నే ఇల్లంతా వేపాకు ఘాటు. చలి మొదలైంది కదా, మడమల పగుళ్లకి పెద్దమ్మ మందు కాస్తోంది. చిన్న మూకుడు, కొబ్బరినూనె, నూరిన వేపాకు ముద్ద, సన్నసెగ.

"అయిందా పెద్దమ్మా?"
"ఉండవే, ఇంకా చిటపటలాడుతోంది."

చిటపట ఉందంటే ఆకులో తడి ఉన్నట్టే. తడి మిగిలితే నూనె తొందరగా పాడవుతుంది.
ముద్ద కాస్త తీసి, వేళ్లతో వత్తిలా నలిపి దీపం మంటకి చూపించింది. చప్పుడు లేకుండా కాలింది. అప్పుడు దింపి, వడగట్టి, ఆ వేడి మీదే తేనెమైనం తురుము కలిపింది. ఐదారు వంతుల నూనెకి ఒక వంతు మైనం. చల్లారాక డబ్బాలో ఆకుపచ్చ వెన్నలా పేరుకుంది!

ఇలాంటి ఇంటి వైద్యమే, పసుపుతో గాయాలు మాన్పడం మీద 1995లో అమెరికాలో పేటెంటే ఇచ్చేశారు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు తీసి చూపిస్తే 1997లో రద్దు చేశారు. గ్రంథాల్లోకెక్కినవి సరే... పెద్దమ్మ వేళ్లకి తెలిసినవి ఎవరు రాసిపెడుతున్నారు?

(చీము పట్టిన పుళ్లకీ, కాలిన గాయాలకీ మాత్రం డాక్టరే. ఇది పెద్దమ్మ మాటే.)

మీ ఇంట్లో ఏం కాచేవాళ్లు? కుప్పింటాకా, గడ్డిచామంతా? రాయండి, పెద్దమ్మకి చదివి వినిపిస్తా.