గ్యారేజీలో గూడుబండి

కారుని మంచులో నిలబెట్టి, గ్యారేజీని ప్లైవుడ్‌కి అప్పగించి ఇది ఐదో నెల. కడుతున్నది టియర్‌డ్రాప్ ట్రైలర్. పక్కనుంచి చూస్తే అచ్చం ఒరిగిన కన్నీటి చుక్క. 1930లలో అమెరికాలో మొదలైన మోజిది. 1947లో ‘మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక కూడా ఇంట్లో కట్టుకోవడానికి ప్లాను అచ్చేసింది. కిటుకంతా ప్లైవుడ్ షీటు కొలతదే: 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. గోడకో షీటు. లోపల పరుపు, వెనక తలుపెత్తితే వంటగట్టు. సంసారం అంతే.

గోడలు తేలికే. ఏడిపించింది పైకప్పు. వంపు తిరగాలంటే పలచటి షీటు కావాలి. మొదటిదాన్ని ఆత్రంగా వంచితే టప్పున విరిగింది. రెండోదాని మీద తడిగుడ్డలు కప్పి, పట్టీలతో బిగించి, రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి బుద్ధిగా వంగి ఉంది.

వీడియో కాల్‌లో చూసి అమ్మ, “ఏరా, గూడుబండి కడుతున్నావా? మరి ఎద్దులేవీ?” అంది. ఇంజనీరింగ్ చదివిన నాకు తట్టని పోలిక! బరువు లెక్కా అదే కదా. వెనక బరువెక్కువైతే బండి కాడి పైకి లేస్తుంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. తగ్గిందా, హైవే మీద తోక ఊపుతుంది. అందుకే నీళ్ల డబ్బాని వెనకనుంచి ముందుకి మార్చాను.

నిన్న గొట్టంతో నీళ్లు కొట్టి చూశాను. వెనక తలుపు కీలు దగ్గర ఇంకా కారుతోంది.