కుక్క సమాధికి స్కోర్‌బోర్డు

చచ్చిపోయిన కుక్కలకు స్కోరు కనబడాలని బోర్డు పెట్టిన మనుషుల్ని చూసొచ్చాను! కట్టుకథ కాదు. అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో. అక్కడి టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి చిహ్నంగా రెవెలీ అని ఒక కుక్క ఉంటుంది. ఒకదాని తర్వాత ఇంకొకటి వస్తుంది, పేరు మాత్రం అదే. పోయినవాటిని కైల్ ఫీల్డ్ స్టేడియానికి ఉత్తరాన, గేటు బయటే పాతిపెడతారు. స్టేడియం పెంచి కట్టినప్పుడు లోపలి బోర్డు వాటికి కనబడకుండా పోయిందట. అందుకని వాటి కోసమే బయట చిన్న బోర్డు పెట్టారు. ‘‘నిజమేనా బిడ్డా?’’ అని మా అమ్మాయిని మూడుసార్లు అడిగాను.

అమ్మాయి అక్కడ ఎం.ఎస్. చదువుతోంది. నేను వేల్పూర్‌లో బడిపంతులు చేసి రిటైరైనవాణ్ని. సినిమా హీరోల అభిమానులు తెలుసు, పార్టీల జెండాలు మోసేవాళ్లు తెలుసు. చదివిన కాలేజీ మీద అభిమానమంటే మాత్రం నాకు కొత్త. టీసీ చేతికి రాగానే బస్సెక్కి, మళ్లీ ఆ గేటు వైపు చూడనివాణ్ని మరి.

ఒకరోజు అమ్మాయి నన్ను ఆ స్టేడియానికి మ్యాచ్ చూడ్డానికి తీసుకుపోయింది. వీళ్ల ఫుట్‌బాల్‌లో కాళ్లతో తన్నేది తక్కువ. బొప్పాయికాయ లాంటి బంతిని చంకలో ఇరికించుకుని ఉరుకుడే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, చివరి గీత దాటితే ఆరు పాయింట్లు. అంతకుమించి నాకు ఎక్కలేదు. నేను చూసిందంతా జనాన్నే. సీట్లు 1,02,733! మా మండలం మొత్తాన్ని తీసుకుపోయి కూర్చోబెట్టినా ఇంకా ఖాళీలుంటాయి. ఎటు చూసినా పండిన నేరేడుపండు రంగు చొక్కాలే.

సీటు కనబడింది కదా అని కూర్చున్నాను. అమ్మాయి చెయ్యి పట్టి లేపింది. ‘‘కూసోవద్దు బాపూ, స్టూడెంట్ల వైపు ఎవ్వరూ కూసోరు.’’

ఆట అయ్యేదాకా నిలబడే ఉండాలట! ఎందుకని అడిగితే వందేళ్ల కిందటి కథ చెప్పింది. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజీతో మ్యాచ్. ఏ అండ్ ఎం ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తిని బయటికొస్తున్నారు. ఇ. కింగ్ గిల్ అనే కుర్రాడు అప్పటికే ఫుట్‌బాల్ మానేసి బాస్కెట్‌బాల్‌కు మారాడు. ఆ రోజు పైన విలేకరుల దగ్గర కూర్చుని ఆటగాళ్లను గుర్తుపట్టి చెబుతున్నాడు. కోచ్ డానా బైబిల్ కబురు పెడితే కిందికి దిగి, దెబ్బ తగిలినవాడి బట్టలు తొడుక్కుని గీత పక్కన నిలబడ్డాడు. ఆట ముగిసేసరికి బెంచీ దగ్గర మిగిలింది అతనొక్కడే. జట్టు 22–14తో గెలిచింది.

మరి గిల్ ఏం చేశాడు? ఏమీ చెయ్యలేదు. మైదానంలోకి అడుగే పెట్టలేదు! నిలబడ్డాడు, అంతే. ఆ నిలబడ్డందుకే స్టేడియం ముందు విగ్రహం పెట్టారు. ఆడేది పదకొండు మంది కాబట్టి అతను పన్నెండోవాడు. ఇప్పుడు స్టాండ్లలో ఉన్న ప్రతి స్టూడెంటూ పన్నెండోవాడే. నా మోకాళ్లు మొత్తుకుంటున్నా ఈ కథ విన్నాక మళ్లీ కూర్చోబుద్ధి కాలేదు. పాట ఎత్తుకోగానే అందరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని అటూ ఇటూ ఊగారు. కాళ్ల కింద స్టాండు కూడా ఊగింది, ఒట్టు!

బయట ఒక ముసలాయన కలిశాడు. చేతికి బంగారు ఉంగరం, దాని మీద చదువు ముగించిన సంవత్సరం. పేరు చెప్పి, వెంటనే ఆ సంవత్సరమూ చెప్పాడు, మనం ఇంటిపేరు చెప్పినట్టు.

అన్నిటికంటే నన్ను కదిలించింది మాత్రం ఆటలో లేదు. ఏటా ఏప్రిల్ 21న వీళ్లు ఎక్కడున్నా, ఏ దేశంలో ఉన్నా నలుగురు కలుస్తారట. ఆ ఏడాది చనిపోయినవాళ్ల పేర్లతో హాజరు పిలుస్తారు. పేరు వినగానే ఇంటివాళ్లో స్నేహితులో ‘ఉన్నాను’ అని పలికి కొవ్వొత్తి వెలిగిస్తారు. ఎన్ని వేల సార్లు హాజరు పిలిచాను నేను! 2001లో మా వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించిన రోజుల్లో, పిలిస్తే పలకని పేరు కోసం ఇంటింటికీ తిరిగేవాళ్లం. పిల్లవాడు పసుపు చేనులో ఉన్నాడంటే అక్కడికీ పోయి తెచ్చి కూర్చోబెట్టేవాళ్లం. రాని మనిషి బదులు ఇంకొకరు పలికితే ఆ రోజుల్లో చెవి మెలిపెట్టేవాణ్ని. ఇక్కడ అదే పలుకు వింటే తలలు వంచి నిలబడతారట.

అన్నట్టు, ఆ రోజు మనవాళ్లు ఓడిపోయారు. మనవాళ్లని ఎప్పటి నుంచి అంటున్నానో నాకే తెలియదు. జనం దిగిపోతారు, తొందరగా కారు దగ్గరికి పోవచ్చనుకున్నాను. స్టూడెంట్లు కదల్లేదు. ఓడిన రోజు అక్కడే నిలబడి, వచ్చే మ్యాచ్‌కు అరుపుల రిహార్సల్ చేస్తారు! తెల్లబట్టల కుర్రాళ్లు చేతులతో సైగ చేస్తుంటే వేలమంది నడుములు వంచి, మోకాళ్ల మీద చేతులు పెట్టి ఒక్క గొంతుతో అరిచారు.

‘‘ఓడిపోయినం కద బిడ్డా, గింత ఒర్లుడేంది?’’

‘‘ఓడలే బాపూ. టైమే అయిపోయింది. ఇక్కడ అట్లనే అంటరు.’’

నేనూ వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టాను. నడుం పట్టేసింది. అట్లాగే ఉండి అడిగాను, తర్వాతి ఆట ఎప్పుడని.