లండన్‌లో ఏబెల్ కోసం

లండన్ సోహో స్క్వేర్‌లో ఎర్ర ఇటుకల సెయింట్ ప్యాట్రిక్ చర్చి ఉంది కదా, ఒకప్పుడు ఆ చోట కార్లైల్ హౌస్ అనే భవనం ఉండేది. 1765 జనవరిలో ఇద్దరు జర్మన్లు అక్కడ చందాదారుల కోసం కచేరీలు మొదలుపెట్టారు. ఒకరు యోహాన్ క్రిస్టియన్ బాఖ్, పెద్ద బాఖ్‌గారి చిన్నకొడుకు. రెండోవాడు కార్ల్ ఫ్రీడ్రిష్ ఏబెల్. నేను వెతుక్కుంటూ వెళ్లింది ఈ రెండో మనిషి కోసం.

ఏబెల్ వాయించింది వియోలా డ గాంబా. చూడ్డానికి చెల్లోలా ఉంటుంది గానీ కుటుంబం వేరు. మామూలుగా ఆరు తీగలు. మెడ మీద వీణకున్నట్టు మెట్లుంటాయి. కాకపోతే మైనంలో నిలబెట్టరు, పేగు తీగను చుట్టి ముడేస్తారు. వాద్యాన్ని కాళ్ల మధ్య పట్టుకుని, అరచెయ్యి పైకి తిప్పి కమాను లాగుతారు. నాదం మెత్తన. చిన్న గదిలో ప్రాణం తీస్తుంది, పెద్ద హాల్లో చెల్లో ముందు వెలవెలబోతుంది.

ఏబెల్ 1723లో జర్మనీలోని కోథెన్‌లో పుట్టాడు. తండ్రి ఆ ఆస్థానంలో గాంబా విద్వాంసుడు. పెద్ద బాఖ్ అక్కడి సంగీత దర్శకత్వం వదిలి లైప్‌జిగ్ వెళ్లింది ఆ ఏడాదే. తర్వాత ఏబెల్ చాలా ఏళ్లు డ్రెస్డెన్ ఆస్థానంలో చేసి, ఏడేళ్ల యుద్ధం నడుస్తుండగా లండన్ చేరాడు. షార్లెట్ రాణిగారి కొలువు దొరికింది.

సోహో నుంచి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ జనంలో పడి నడిస్తే హానోవర్ స్క్వేర్. 1775లో స్నేహితులిద్దరి కచేరీలు అక్కడి కొత్త హాలుకి మారాయి. తర్వాత హైడన్ కూడా వాయించిన ఆ హాలుని 1900లో కూల్చేశారు. నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. టికెట్ కొనుక్కుని ఎవరైనా వినే కచేరీకి లండన్‌లో దారి వేసినవాళ్లలో ఏబెల్ ఒకడు. ఆ పెద్ద హాళ్లలోనే గాంబాకి చోటు లేకుండా పోయింది! 1787లో ఏబెల్ పోయాక ఆ స్థాయిలో దాన్ని వాయించే మనిషి కనిపించడు. వయొలిన్ అదృష్టం చూడండి, ఆ తర్వాతి తరంలోనే మద్రాసు వైపు బాలుస్వామి దీక్షితుల చేతికొచ్చి మన కచేరీల్లో స్థిరపడింది.

ఏబెల్ ముఖం చూడాలంటే లండన్ కంటే కాలిఫోర్నియా నయం. చిత్రకారుడు గెయిన్స్‌బరో స్వయంగా గాంబా వాయించేవాడు, ఏబెల్‌కి స్నేహితుడు. లాస్ ఏంజెలెస్ దగ్గరి హంటింగ్టన్‌లో ఉన్న అతని చిత్రంలో ఏబెల్ సంగీతం రాసుకుంటున్నాడు, గాంబా తొడకి ఆనుకుని ఉంది, బల్ల కింద తెల్లకుక్క పడుకుంది. అటువైపున్న మనవాళ్లు ఓ ఆదివారం వెళ్లి రావచ్చు.

పేరు విషయంలోనూ ఆయనకి కలిసిరాలేదు. లండన్ వచ్చిన పిల్లవాడు మొజార్ట్ నేర్చుకోడానికి ఏబెల్ సింఫనీ ఒకటి కాపీ రాసుకున్నాడు. చాలాకాలం అది మొజార్ట్ మూడో సింఫనీగా చెలామణీ అయింది.

చివరి మజిలీ సెయింట్ పాంక్రస్ స్టేషన్ వెనక పాత చర్చి. ఏబెల్‌నీ, చిన్న బాఖ్‌నీ ఆ ఆవరణలోనే పాతిపెట్టారు. 1860ల్లో రైలు మార్గం కోసం అక్కడి సమాధులు చాలా తవ్వేశారు. ఆ పని దగ్గరుండి చూసిన కుర్రాడు తర్వాత నవలాకారుడైన థామస్ హార్డీ. బాఖ్‌కి ఒక స్మారక శిల ఉంది. ఏబెల్ సమాధి రాయి నాకు కనిపించలేదు.

ఆయన అప్పటికప్పుడు అల్లిన సంగీతం గాలిలో కలిసిపోయింది. ఒంటరి గాంబా కోసం రాసిన దాదాపు 30 రచనలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఒక రాతప్రతిలో మిగిలాయి. అక్కడి బెంచీ మీద కూర్చుని అవే ఫోన్‌లో పెట్టుకున్నాను. పక్కన రైలు వెళ్లినప్పుడల్లా వాల్యూమ్ పెంచాల్సి వచ్చింది.