పిల్లలకు రక్తపరీక్ష, కుక్కపిల్లలకు నట్టల మందు

అన్నలూ, తమ్ముళ్లూ, నట్టల మందు అనంగనే మనకు గొర్లు, మేకలు, దూడలు యాదికొస్తయి. బాయికాడి కుక్క యాదికి రాదు. ఇయ్యాల దాని గురించే రాస్తున్న.

పాతబస్తీ లాల్‌దర్వాజలో మా చెల్లె మనవడు ఉన్నడు, నాలుగేండ్లోడు. రెండు నెలల సంది దగ్గు, పిల్లికూతలు, కడుపునొప్పి. మలపరీక్ష రెండుసార్లు చేసినా ఏం దొరకలేదు. మామూలు రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు నూటికి 5 లోపు ఉండాలె, వానికి 28 ఉన్నయి. "ఇంట్లో కుక్కపిల్ల ఉందా? పిల్లగాడు మన్ను తింటడా?" అని అడిగిండు డాక్టరు. రెండూ నిజమే. అప్పుడు టాక్సోకారా యాంటీబాడీ పరీక్ష రాసిండు. దాన్నే ఎలీసా అంటరు.

మలంలో ఎందుకు దొరకదంటే, కుక్క నట్ట కుక్క పేగులోనే పెద్దదై గుడ్లు పెడతది. మనిషి పిల్లల కడుపులోకి పోతే పెద్దది కాదు. పిల్లపురుగుగనే పేగు తొలుచుకొని కాలేయం, ఊపిరితిత్తులు, ఒక్కోసారి కన్ను దాకా తిరుగుతది. గుడ్లే పెట్టనిది మలంలో ఏం కనపడ్తది? అందుకే రక్తంలో జాడ వెతుకుతరు.

పాజిటివ్ అని వస్తే గుండెలు బాదుకోకుండ్రి. ఆ పరీక్ష పురుగును చూడదు, పురుగు మీదికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను చూస్తది. అవి ఏండ్ల తరబడి ఉంటయి. మామూలు ఏలికపాములున్నా ఒక్కోసారి పాజిటివ్ చూపిస్తది. ఇసినోఫిల్స్ ఆస్తమాలో కూడా పెరుగుతయి. అన్నీ కలిపి చూసి డాక్టరే తేల్చాలె. నన్ను భయపెట్టింది వేరే ముచ్చట. పురుగు కంట్లోకి పోయినప్పుడు రక్తపరీక్ష నెగెటివ్ రావొచ్చు. పిల్లల చూపు మందగించినా, కొత్తగ మెల్ల పడ్డా, కంటిపాప తెల్లగ మెరిసినా, రిపోర్టు బాగుందని కూసోవద్దు. కంటి డాక్టరుకు చూపియ్యాలె.

నులిపురుగుల దినం నాడు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ గోలీ పేగులో పురుగులకు. ఒంట్లో తిరిగేదానికి ఆ ఒక్కటి సాలదు. మావోనికి డాక్టరు రోజుకు రెండు పూటల, ఐదు రోజులు రాసిండు. దగ్గు తగ్గింది.

పట్నం పిల్లగానికి మన బాయికాడి కుక్కకు ఏం సంబంధమంటరా? నా కొత్తిమీర, పాలకూర పోయేది మీరాలం మండికే. కుక్క మడిలో దొడ్డికి పోతే ఆ గుడ్లు రెండు నుంచి నాలుగు వారాల్లో సోకే స్థితికొస్తయి. మన్నులో నెలలు, ఏండ్లు బతుకుతయి. వేర్లకు అంటిన మన్నుతోని కట్టలో చేరి పట్నం పోతయి. ఏరోజుది ఆరోజు ఎత్తేస్తే ఆ గుడ్లకు టైమే దొరకదు. ఇంట్లో వాళ్లు కూడా ఆకుకూర ధారగ పోసే నీళ్లలో కడగాలె.

కుక్కపిల్లకు తల్లి కడుపులోనే సోకుతది. అందుకే రెండు వారాల వయసుకే మొదటి డోసు, తర్వాత రెండు వారాలకోసారి, రెండు నెలలు నిండేదాకా. తల్లికీ పొయ్యాలె. ఎంత పొయ్యాలెనో బరువు చూసి పశువుల డాక్టరు చెప్తడు. గొర్ల మందు మిగిలింది గదా అని అందాజుగ పోసేరు, వద్దు.