ఎన్ని సంఘాల్లో చేరాలి, ఎన్నింటికి న్యాయం చేయాలి

ఆగస్టు వచ్చిందంటే మా టెక్సాస్‌లో కాలేజీలు తెరుస్తారు. తొలి వారాల్లోనే క్యాంపస్ చెట్ల కింద బల్లలు వేసి, రంగురంగుల టీషర్టులు తొడుక్కున్న సీనియర్లు కొత్తగా వచ్చిన పిల్లల్ని తమ సంఘాల్లోకి పిలుస్తుంటారు. సరిగ్గా అప్పుడే తిరుపతి నుంచో చిత్తూరు నుంచో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. ‘అక్కా, మావాడు ఏందో గ్రీకు అక్షరాల సంఘంలో చేరతానంటా ఉండాడు. అదొక్కటే కాదంట, మూడుండాయంట. చదువు ఏమైపోతుంది?’ అని. ఆ అడగడంలో భయం ఉంటుంది. నా కూతురు కూడా ఇక్కడే చదువుతోంది కాబట్టి ఆ భయం నాకు బాగా తెలుసు.

ముందు ఈ సంఘాలేమిటో చెప్పుకుందాం. మగపిల్లలవి ఫ్రటర్నిటీలు, ఆడపిల్లలవి సొరోరిటీలు. మొట్టమొదటి గ్రీకు అక్షరాల సంఘం ఫై బీటా కప్పా 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. ఇప్పుడది బాగా చదివే పిల్లలకు దక్కే గౌరవం. ఆల్ఫా ఫై ఒమేగా 1925లో సేవ కోసం మొదలైంది. మన దక్షిణాసియా పిల్లలు పెట్టుకున్నవీ ఉన్నాయి. సిగ్మా బీటా రో 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో, ఆడపిల్లల డెల్టా ఫై ఒమేగా 1998లో హ్యూస్టన్‌లో పుట్టాయి.

కలిసి మెలిసి ఉండడానికి పెట్టుకున్న సామాజిక సంఘాల్లో మాత్రం సాధారణంగా ఒక్కదాంట్లోనే సభ్యత్వం. నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద ఉన్న సొరోరిటీల్లో ఒకదానిలో దీక్ష తీసుకున్న పిల్ల మరోదానిలో చేరడానికి వీల్లేదు. సేవా సంఘం, వృత్తి సంఘం, చదువుకిచ్చే గౌరవ సంఘం దానికి తోడు చేసుకోవచ్చు. అందుకే ఒకే పిల్ల మూడు నాలుగు సంఘాల్లో కనిపిస్తుంది.

తిరుపతిలో మాకు గ్రీకు అక్షరాలు లేవు గానీ ఈ చిక్కు ఉండేది. 1954లో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ వచ్చాక చుట్టుపక్కల ఊళ్ల పిల్లలంతా అక్కడికే చేరారు. పలమనేరు, మదనపల్లె, పుత్తూరు, శ్రీకాళహస్తి పిల్లలు హాస్టళ్లలో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఒకరు ఎన్‌సీసీ, ఒకరు ఎన్ఎస్ఎస్, ఒకరు విద్యార్థి సంఘం. ఇంకొకరు సాయంత్రమైతే సంగీతం క్లాసుకు పోయేవారు. బ్రహ్మోత్సవాలొస్తే కొండమీద భక్తుల సేవకు పోవడం వీటన్నిటికీ అదనం.

గాంధీ శతజయంతి ఏడాది 1969లో మొదలైన ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటల సేవ చేయాలి, రెండేళ్లకు 240. దానికి తోడు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఎన్‌సీసీలో ఉన్నవాళ్లను ఎన్ఎస్ఎస్‌లో చేర్చుకునేవారు కాదు. ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే. రెండూ పిల్లల సమయాన్ని గట్టిగా అడిగేవే కాబట్టి ఆ నియమం మంచిదని నేను ఇప్పటికీ అంటాను.

చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో మా శిబిరం జరిగినప్పుడు నా రూంమేట్ చేసిన పని నాకు ఎన్నో సభల ఉపన్యాసాలకంటే ఎక్కువ నేర్పింది. ఆమె ఎన్ఎస్ఎస్‌లోనూ ఉంది, పాట కూడా నేర్చుకుంటోంది. శిబిరం మధ్యలో తిరుపతిలో ఆమెకు కచేరీ ఉంది. బయల్దేరక ముందే శిబిరం చూసుకునే మేడం దగ్గరికి పోయి, ‘మూడోనాడు సాయంత్రం నేను పోవల్ల మేడం. దానికి బదులు ముందు రెండు పొద్దులూ వంట నాదే’ అని చెప్పేసింది. చెప్పినట్టే తెల్లవారకముందే లేచి, పొయ్యి రాజేసి, రాగిసంగటి గెలికి, శెనక్కాయల ఊరిబిండి నూరింది. మూడోనాడు ఆమె బస్సెక్కితే ఒక్కరు కూడా ముఖం చిట్లించలేదు. ఇద్దరు ముగ్గురం మేడంని అడిగి పాట వినడానికి వెంట పోయాం కూడా.

మా అమ్మాయికి నేను చెప్పింది ఇదే. పోలేకపోవడం తప్పు కాదు, చెప్పకుండా ఎగ్గొట్టడం తప్పు. ఆమె ఒక సొరోరిటీలో, ఒక సేవా సంఘంలో ఉంది. సెమిస్టర్ మొదట్లోనే రెండింటి తేదీలూ పరీక్షల తేదీల పక్కన రాసుకుంటుంది. ఢీకొనేవి కనబడగానే ఆ వారమే సంఘం పెద్దలకు చెప్పి, బదులుగా ఏం చేయగలదో కూడా చెబుతుంది. పదవి మాత్రం ఒక్కదాంట్లోనే తీసుకుంది. రెండో సంఘం వాళ్లు కోశాధికారిగా ఉండమని అడిగితే, వచ్చే ఏడాది చూద్దామంది.

చేరబోయే పిల్లలు సంతకం పెట్టకముందే కొన్ని అడిగి తెలుసుకోవాలి. సెమిస్టర్‌కు రుసుము ఎంత, తప్పనిసరి సమావేశాలు ఎన్ని, సేవా గంటలు ఎన్ని, మార్కులు ఎంతకు తగ్గితే పక్కన పెడతారు, కొత్త సభ్యుల శిక్షణ ఎన్ని వారాలు? ఆ శిక్షణ రెండు సంఘాల్లో ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోవద్దు. శిక్షణ పేరుతో అవమానించే చోటు ఏదైనా సరే, ఆ రోజే బయటికి వచ్చేయండి. మన రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్‌ను నిషేధిస్తూ చట్టం తెచ్చుకున్నాం. ఇక్కడికొచ్చి దాన్ని భరించాల్సిన పని లేదు.

ఎఫ్1 వీసా మీద డిగ్రీ చదివేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు, అంటే వారానికి దాదాపు 12 గంటల తరగతులు ఉండాలి. తరగతిలో గడిపే ఒక్కో గంటకు ఇంట్లో రెండు గంటల చదువని ఇక్కడి అధ్యాపకులు చెబుతారు. అంటే వారానికి 36 గంటలు చదువుకే పోతాయి. తిండి, నిద్ర, క్యాంపస్‌లో చేసే చిన్న ఉద్యోగం పోగా మిగిలిన సమయం ఎంతో కాగితం మీద వేసుకుని, అందులో పట్టినన్ని సంఘాల్లోనే చేరాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. చదువుకోను పోయినవాళ్లకు సంఘాలెందుకని కోప్పడకండి. ఊరుగాని ఊళ్లో జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేది ఆ స్నేహితులే. అలాగని రెజ్యూమెలో పేర్లు పెరుగుతాయని అన్నింట్లోనూ చేరమని తరమకండి. ఒక్క సంఘాన్ని ఇల్లనుకుని దాని బాధ్యత మోయనివ్వండి. రెండోది సేవకో చదువుకో పనికొచ్చేదైతే ఉండనివ్వండి. మూడోది అడిగితే మాత్రం, మొదటి రెండింటికీ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారో లేదో కనుక్కుని అప్పుడు ఒప్పుకోండి.