దారిలో ముల్లు

గిద్దలూరులో బంధువుల ఇంట నికాహ్ ముగించుకొని, మగ్రిబ్ నమాజు అనంతరం నంద్యాలకు బయలుదేరాము. దిగువమెట్ట దాటగానే నల్లమల అడవి మొదలవుతుంది. కొండల నడుమ వెదురు పొదలు, మలుపులు తిరిగే ఘాట్ రోడ్డు, అదే అడవి గుండా సాగే గుంటూరు–నంద్యాల రైలు మార్గం. పగటివేళ ఈ దారిన పయనించేవారి హృదయం సృష్టికర్తను స్తుతించక మానదు. ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన దారి కదా అన్న ధీమాతో కారు మేమే నడుపుతున్నాము.

పచ్చర్ల సమీపిస్తుండగా ఒక మలుపులో ఎదురుగా వచ్చిన లారీ దీపాలు కళ్ళపై పడ్డాయి. లారీ దాటిపోయినా కొన్ని క్షణాలు మాకు చీకటి తప్ప మరేమీ కనిపించలేదు. “అబ్బా, మనుషులు!” అని కుమారుడు కేకవేశాడు. బ్రేకు తొక్కాము. కట్టెల మోపుతో రోడ్డు వారగా నడుస్తున్న తల్లీబిడ్డలకు రెండు మూరల దూరంలో కారు ఆగింది. అల్‌హమ్దులిల్లాహ్!

అక్కడే తాళంచెవి కుమారునికి అప్పగించాము. ఇవ్వడానికి చేయి వెంటనే రాలేదన్నది దాచలేని నిజం.

మరుసటి వారం కంటి పరీక్షలో శుక్లాలు మొదలయ్యాయని తేలింది. వయసుతో కంటి కటకం మసకబారుతుందని, కంటిపాప చీకటిలో మునుపటిలా విప్పారదని, తీవ్రమైన వెలుగు సోకితే చూపు తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని వైద్యుడు వివరించారు. మెడ తేలికగా తిరగదు. కొన్ని మందులు మత్తు కలిగిస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. మన కాలు బ్రేకును చేరడం ఒక్క సెకను ఆలస్యమైతే చాలు, ఒక ప్రాణం పోవచ్చు.

55 ఏళ్ళు నిండిన వారికి లైసెన్సును ఐదేసి సంవత్సరాలకే పునరుద్ధరిస్తారు. ఆ ఐదేళ్ళ మధ్య చూపు ఎంత తగ్గిందో చెప్పవలసింది మన మనస్సాక్షే.

దారి నుండి హానికరమైన వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ముల్లు, రాయి అంటూ ఉదాహరణలిచ్చి ఏళ్ళ తరబడి మదర్సా పిల్లలకు ఈ పాఠం చెప్పాము. ఆ రాత్రి ఆ దారిలో ముల్లు మేమే అయ్యాము.

ఇప్పుడు మా ప్రయాణాలు ఫజ్ర్ నమాజు తరువాతనే. ఘాట్ రోడ్డుపై కుమారుడు నడుపుతాడు. మేము పక్కన కూర్చొని అడవిని తనివితీరా చూస్తాము. బిడ్డలారా! పెద్దల చేతి నుండి తాళంచెవి లాక్కోకండి, మర్యాదగా అడగండి. పెద్దలారా! వారు అడగకముందే ఇవ్వండి.